పాయింట్ టూ టూ మ్యాచ్ తూటాలు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో రేంజ్‌కు కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఎలీ టెనెక్స్ కొనాలా, లాపువా కొనాలా?" 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే ఈవెంట్) కాంస్యం గెలిచాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది. నేను 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) షూటర్‌ని. మేం కాల్చేది పాయింట్ టూ టూ, అంటే సుమారు 0.22 అంగుళాల వ్యాసమున్న తూటా. ఈ రెండు కంపెనీల తూటాలూ ఏళ్లుగా వాడుతున్నాను, రెండూ నాకు మంచి స్కోర్లు ఇచ్చాయి. అయినా కంపెనీ పేరు చూసి కొనమని ఎవరికీ చెప్పను. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ముద్రించిన లాట్ నంబర్ (ఒకేసారి తయారైన తూటాల బ్యాచ్ నంబర్) చూసి కొనమంటాను.

ఎందుకో తెలియాలంటే తూటా లోపల ఏముందో కొంచెం చూడాలి. సెంటర్‌ఫైర్ తూటాకు అడుగున మధ్యలో ప్రైమర్ (పిన్ తగలగానే నిప్పు రాజేసే చిన్న మూత) విడిగా ఉంటుంది. కాల్చాక దాన్ని తీసి కొత్తది బిగించి, మందు కొలిచి పోసుకుని, తన రైఫిల్‌కు సరిపోయేలా తనే తయారు చేసుకునేవాళ్లు ఉన్నారు. రిమ్‌ఫైర్‌లో, అంటే మా పాయింట్ టూ టూలో, ఆ వీలు లేదు. ఇత్తడి కేస్ అడుగున చుట్టూ మడిచిన సన్నని అంచు లోపలే ప్రైమింగ్ మందు ఉంటుంది. తయారీలో కేస్‌ను గిరగిరా తిప్పి, తడి మందును ఆ అంచులోకి పంపుతారు. ఆ మందు చుట్టూ ఎంత సమంగా పరుచుకుంది, అంచు మందం ఎంత, లోపల గన్‌పౌడర్ ఎంత పడింది అన్నదంతా ఫ్యాక్టరీలో ఆ రోజు మెషిన్ ఎలా నడిచిందన్న దాని మీద ఉంటుంది. మన చేతిలో ఉన్నది ఎంచుకోవడం ఒక్కటే.

ఎంపికలో తేడా వస్తే ఎంత నష్టమో లెక్కేసి చూడండి. మ్యాచ్ తూటా బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. 50 మీటర్లు చేరేలోపు అది 12 సెంటీమీటర్ల దాకా కిందికి జారుతుంది. రెండు తూటాల వేగాల్లో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే టార్గెట్ కార్డు మీద పైకీ కిందికీ సుమారు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మన టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. పాయింట్‌ను పదో వంతు దాకా లెక్కించే డెసిమల్ స్కోరింగ్‌లో 0.8 మిల్లీమీటర్ పక్కకు జరిగితే ఒక పాయింట్‌లో పదో వంతు పోతుంది. ట్రిగ్గర్ ఎంత బాగా నొక్కినా, తూటా వేగం సమంగా లేకపోతే 10.6 రావాల్సిన షాట్ 9.8 అవుతుంది. అందుకే గ్రూప్ (వరసగా కాల్చిన షాట్ల చిల్లుల గుంపు) చూసేటప్పుడు నా కళ్లు ముందు దాని ఎత్తు మీదే పడతాయి. అడ్డంగా చెదిరితే గాలి కావచ్చు, నా పొజిషన్ కావచ్చు. గాలి లేని ఉదయం నిలువుగా గీత గీసినట్టు చిల్లులు పడ్డాయంటే నేను మొదట అనుమానించేది తూటానే.

ఇక నేను వాడినవి. నా రైఫిల్ అన్‌షుట్జ్ కంపెనీది. మ్యాచ్‌ల కోసం ఎక్కువ కాలం వాడింది లాపువా సెంటర్-ఎక్స్. కుదిరిన లాట్ దొరికినప్పుడు పది షాట్ల గ్రూప్ 15 మిల్లీమీటర్ల దగ్గర నిలుస్తుంది. టెనెక్స్ మంచి లాట్ దొరికినప్పుడు అంతకన్నా కొంచెం చిన్న గ్రూప్ వచ్చింది. ప్రాక్టీస్‌కు ఎస్‌కే కంపెనీ స్టాండర్డ్ ప్లస్. దాని గ్రూప్ 20 మిల్లీమీటర్లు దాటుతుంది, కానీ ఆ ధరకు అంత నిలకడైన తూటా నేను ఇంకోటి చూడలేదు. పొజిషన్ దిద్దుకోవడానికి, ఊపిరి, ట్రిగ్గర్ సాధనకు అది ధారాళంగా చాలు. రోజూ ఖరీదైన తూటా కాల్చి జేబు ఖాళీ చేసుకోవడం కన్నా, అదే డబ్బుతో ఎక్కువ షాట్లు కాల్చడం మేలని నా గట్టి నమ్మకం.

ఎస్‌కే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఎస్‌కే, లాపువా రిమ్‌ఫైర్ రెండూ జర్మనీలోని షోనెబెక్‌లోనే తయారవుతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు నా బ్యారెల్ తొందరగా సర్దుకుంటుంది. సీసపు బుల్లెట్ మీద మైనం లాంటి పూత ఉంటుంది కదా, గోటితో గీస్తే సన్నగా లేస్తుంది. ఆ పూత బ్యారెల్ లోపల పొరలా పరుచుకుంటుంది. వేరే రకం పూత ఉన్న తూటా వేస్తే పాత పొర పోయి కొత్తది పట్టేదాకా గ్రూప్ తిన్నగా ఉండదు. నా రైఫిల్‌కు ఇరవై, ముప్ఫై షాట్లు పడతాయి. బ్యారెల్ శుభ్రం చేశాక కూడా ఇంతే. ఎలీ వాడేవాళ్లు మ్యాచ్‌కు టెనెక్స్, ప్రాక్టీస్‌కు ఎలీ క్లబ్ పెట్టుకోవడం మంచిది. పొద్దున ఒక కంపెనీ డబ్బా, మధ్యాహ్నం ఇంకో కంపెనీ డబ్బా కాల్చి, ఇది మంచిది, అది చెడ్డది అని తీర్పు చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను.

లాట్ సంగతికి వస్తాను. ఒకే తోటలో రెండు మామిడి చెట్ల కాయ ఒకే రుచి ఉండనట్టు, ఒకే పేరున్న తూటాల్లోనూ లాట్‌కూ లాట్‌కూ తేడా ఉంటుంది. ఖరీదైన రకంలో ఒక లాట్ నా బ్యారెల్‌కు అసలు కుదరలేదు. అదే లాట్ పక్క లేన్‌లో కాల్చే మిత్రుడి రైఫిల్‌లో అద్భుతంగా నడిచింది. ఆ లాట్‌లో లోపం ఉందని దీన్నిబట్టి అనలేం. ఆ లాట్ వేగానికీ నా బ్యారెల్ కంపనానికీ జోడీ కుదరలేదు, అంతే. టెనెక్స్ డబ్బా మీద ఆ లాట్ వేగం కూడా ముద్రించి ఉంటుంది. ఏ వేగం దగ్గర మీ రైఫిల్ బాగా కాలుస్తుందో రాసిపెట్టుకుంటే, తర్వాత కొనేటప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కంపెనీల టెస్ట్ రేంజ్‌లలో రైఫిల్‌ను క్లాంప్‌లో బిగించి, వరసగా లాట్ మార్చి కాల్చి, మీ బ్యారెల్‌కు నప్పేది తేల్చి ఇస్తారు. పోటీల కోసం యూరప్ వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఆ పని తప్పక చేయించుకోవాలి. మనలాంటివాళ్లకు రేంజ్‌లో బల్ల, ఇసుక సంచులు, గాలి లేని ఉదయం ఉంటే చాలు. ఒక్కో లాట్‌కు కనీసం నాలుగైదు గ్రూపులు, ఒక్కో గ్రూప్‌కు పది షాట్లు. ఐదు షాట్ల గ్రూప్ చాలామందిని ఊరిస్తుంది. నేను నమ్మను. ఐదింటిలో కనిపించని ఫ్లయర్ (గుంపుకు దూరంగా పడే షాట్) పదింటిలో కనిపిస్తుంది, మ్యాచ్‌లో అరవై షాట్లలో తప్పకుండా కనిపిస్తుంది. నేను చూసేది అన్నిటికన్నా చిన్న గ్రూప్‌ను కాదు, అన్నిటికన్నా పెద్ద గ్రూప్‌ను. అది ఏ లాట్‌లో చిన్నగా ఉందో ఆ లాట్ నాది.

మన ఎండల గురించి విడిగా చెప్పాలి. మే నెలలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం పార్క్ చేసిన కారులో తూటాలు పెడితే బుల్లెట్ మీది పూత మెత్తబడి వేలికి అంటుకుంటుంది. అలాంటి తూటాలతో నేను మ్యాచ్ ఆడను. డిసెంబర్‌లో ఢిల్లీ తుగ్లకాబాద్ రేంజ్‌లో పొద్దున్నే కాల్చేటప్పుడు కథ తిరగబడుతుంది. చలికి వేగం తగ్గి, ఇక్కడ జీరో చేసుకున్న (గురి సరిచేసుకున్న) సైట్ అక్కడ కిందికి కొడుతుంది. సైటర్ షాట్లు (స్కోరులోకి రాని, గురి సరిచూసుకునే షాట్లు) తొందరపడకుండా తీసుకోవాలి. వేడి రోజుల్లో నేను డబ్బాను నీడలో పెట్టి, కొన్ని తూటాలు మాత్రమే లోడింగ్ బ్లాక్‌లోకి (తూటాలు నిలబెట్టే చిల్లుల పలక) తీసుకుంటాను. చాంబర్‌లో తూటా పెట్టి ఎక్కువసేపు గురి చూస్తూ ఉండను, వేడెక్కిన చాంబర్‌లో అది కూడా వేడెక్కుతుంది. కింద పడిన తూటాను తుడిచి వాడను. మైనానికి అంటుకున్న ఇసుక రేణువు బ్యారెల్‌ను గీస్తుంది.

వేగం ఎక్కువైతే గాలికి తక్కువ కొట్టుకుపోతుందని చాలామంది హై వెలాసిటీ తూటాలు కొంటారు. పాయింట్ టూ టూలో జరిగేది దీనికి తలకిందులు. ధ్వని వేగం దాటి బయలుదేరిన బుల్లెట్ దారిలోనే వేగం బాగా కోల్పోతుంది, పక్క గాలికి ఇంకా ఎక్కువ జరుగుతుంది. పైగా ధ్వని వేగం దగ్గర నిలకడ తప్పుతుంది. టార్గెట్‌కు ధ్వని కన్నా తక్కువ వేగమే సరైనది.

మిస్‌ఫైర్ గురించి. ఒక చవక రకంతో (పేరు చెప్పను) మ్యాచ్ మధ్యలో ఫైరింగ్ పిన్ తగిలిన శబ్దం వచ్చి షాట్ పేలలేదు. బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి బోల్ట్ తెరిచాను. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి ఎవరూ వెంటనే తెరవకూడదు. తూటా అంచు మీద పిన్ గుర్తు లోతుగా, స్పష్టంగా ఉంది. అంటే రైఫిల్‌లో తప్పు లేదు, పిన్ తగిలిన చోట అంచు లోపల మందు లేదు. గుర్తు పలచగా ఉంటే మాత్రం మీ ఫైరింగ్ పిన్, స్ప్రింగ్ చూపించుకోండి. స్కోరు కన్నా ఎక్కువ పోయేది లయ. అరవై షాట్ల మధ్య లయ తెగితే మళ్లీ పట్టుకోవడం ఎంత కష్టమో, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆడినవాళ్లకు తెలుసు. మ్యాచ్ తూటాకు ఎక్కువ ధర పెట్టడానికి నాకు ఇదొక్కటే చాలు.

తూటాలను తక్కెడలో తూచి, అంచు మందం కొలిచి వేరు చేసేవాళ్లున్నారు. మంచి లాట్‌లో దానివల్ల నాకు కొలవదగ్గ లాభం కనిపించలేదు. ఆ సమయం డ్రై ఫైరింగ్‌కు (తూటా లేకుండా చేసే ట్రిగ్గర్ సాధన) పెట్టండి.

25 మీటర్ల పిస్టల్ వాళ్ల అవసరం వేరు. అక్కడ ప్రిసిషన్‌ (నిదానంగా కాల్చే దశ)లో పది రింగ్ 50 మిల్లీమీటర్లు, కాబట్టి గ్రూప్ కన్నా ఫీడింగ్ (మ్యాగజైన్ నుంచి తూటా సాఫీగా చాంబర్‌లోకి చేరడం) ముఖ్యం. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన ఈవెంట్ ఇదే. సెమీ ఆటోమేటిక్‌లో ఒక్క జామ్ అయినా సిరీస్ మధ్యలో ఆగిపోతుంది. పిస్టల్ కోసం విడిగా చేసిన ఎస్‌కే పిస్టల్ మ్యాచ్ లాంటివి మీ మ్యాగజైన్‌లో నింపి, వందల షాట్లు ఆగకుండా నడుస్తున్నాయో లేదో చూశాకే మ్యాచ్‌కు తీసుకెళ్లండి.

కొనడంలో నేను పాటించే పద్ధతి ఇది. లైసెన్స్‌లో ఉన్న పరిమితి, దిగుమతికి పట్టే సమయం చూసుకుని సీజన్‌కు చాలా ముందే మొదలుపెడతాను. దొరికిన ఒక్కో లాట్ నుంచి రెండు మూడు డబ్బాలు, అంటే నూటయాభై తూటాల లోపు తెచ్చి పరీక్షిస్తాను. నప్పింది తేలిన రోజే సీజన్‌కు సరిపడా అదే లాట్ బుక్ చేస్తాను. నెల తర్వాత అడిగితే ఆ నంబర్ దొరకదు. ప్రతి డబ్బా మీద మార్కర్‌తో కొన్న నెల రాసి, బీరువాలో చల్లని అరలో పెడతాను. పాత లాట్ పూర్తిగా ఖర్చు చేయను. రెండు డబ్బాలు ఎప్పుడూ పక్కన ఉంటాయి, కొత్త లాట్ వచ్చినప్పుడు ఒకే ఉదయం రెండూ పక్కపక్కన కాల్చి చూసుకోవడానికి.