జౌగడ శాసనం: బరంపురంలో బస, ఒక్క పూట ప్రయాణం

కళింగ యుద్ధం గురించి చదివినవాళ్లు అశోకుడి శాసనాలు చూడ్డానికి భువనేశ్వర్ పక్కనున్న ధౌలికే వెళ్తారు. అలాంటి శాసనాలే ఉన్న ఒడిశా గంజాం జిల్లాలోని జౌగడ దానికి ఏమాత్రం తీసిపోదు. పైగా మనవాళ్లకు దగ్గర.

బరంపురంలో దిగండి. టికెట్ మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది. లాడ్జీలున్నాయి, తెలుగుతో పని జరిగిపోతుంది. గోపాల్‌పూర్‌లోని పాంథనివాస్‌కు (ఒడిశా టూరిజం హోటల్) సముద్రం అందం ఉంది కానీ, శాసనం కోసమే వస్తే ఆ 15 కి.మీ. అదనపు తిరుగుడు. జౌగడ సుమారు 35 కి.మీ. పురుషోత్తమపూర్ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. రానూపోనూ మాట్లాడుకోండి, తిరుగు బండి అక్కడ దొరకదు. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి.

రుషికుల్య ఒడ్డున మట్టికోట గట్టు, లోపల బండ, చుట్టూ ఇనుప కటకటాలు. బ్రాహ్మీ అక్షరాల లోతు తక్కువ, ఎదురు వెలుగులో కనబడవు. టార్చి పక్కనుంచి ఏటవాలుగా పడితే గీతలు తేలతాయి. పాఠం ముద్రించుకుని వెళ్తేనే ప్రయాణం సార్థకం.

మూడు పలకలున్నాయి. అశోకుడి 14 ప్రధాన శిలాశాసనాల్లో మొదటిదాంట్లో 1 నుంచి 5 వరకు, రాయి పెచ్చులూడి చాలా భాగం పోయింది. రెండోదాంట్లో 6 నుంచి 10, ఆపైన 14వది. మరి 11, 12, 13 ఏవి? లక్షమంది చనిపోయారని, లక్షన్నరమందిని తరలించారని అశోకుడు పశ్చాత్తాపపడింది 13లోనే. ఓడిన జనం కళ్లెదుట ఆ లెక్క చెక్కించలేదు. బదులుగా మూడో పలకపై సమాపా (ఈ ఊరి పాతపేరు) మహామాత్రులకు, అంటే ఉన్నతాధికారులకు, రెండు ప్రత్యేక ఆజ్ఞలు: మనుషులందరూ నా బిడ్డలే, కారణం లేకుండా ఎవర్నీ బంధించొద్దు, కోపం, తొందరపాటు, సోమరితనం మానండి, తిష్య (పుష్యమి) నక్షత్రం రోజున దీన్ని చదివి వినిపించండి. పాలకుడు తన అధికారులనే కట్టడి చేసిన ఇంత పాత పత్రం మన దేశంలో అరుదు. ఈ పలక దగ్గరే ఎక్కువసేపు గడపండి.

అమ్మవారి గుడి ఉన్న తారాతారిణి కొండ అదే దారిలో ఉంది: 999 మెట్లు, లేదంటే రోప్‌వే. చైత్ర మంగళవారాల్లో మాత్రం జౌగడనూ ఈ కొండనూ కలపొద్దు, జాతర రద్దీలో రోడ్డు కదలదు.

ఆ 13వ శాసనం చదవాలంటే ధౌలికి వెళ్లినా లాభం లేదు, అక్కడా వదిలేశారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో 14 శాసనాలూ ఉన్నాయి. తర్వాతి ప్రయాణం అటు పెట్టుకోండి.