'అది పనిచేయదండీ' అన్న మోడెమ్

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 17,500 రూపాయలకు పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. అమెరికాలో ఏదో ఆఫీసు వాడి వదిలేసిన సరుకు. బ్యాటరీ తీస్తే కింద సిమ్ కార్డు గూడు కనిపించింది. "ఇందులో సిమ్ వేసుకోవచ్చా?" అని అడిగితే, కొట్టులో కుర్రవాడు "అది పనిచేయదండీ, దాని సంగతి వదిలేయండి" అన్నాడు. ఆ మాట అనకపోతే నిజంగానే వదిలేసేవాడినేమో.

నాది పుస్తకాలకు పేజీలు కట్టే పని. నెలలో ఓ వారం అమలాపురం దగ్గర అమ్మ ఇంట్లో ఉంటాను. అక్కడి నుంచి ప్రెస్సుకు పీడీఎఫ్‌లు పంపాలంటే ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అమ్మ ఆ ఫోను అందుకుని మాట్లాడుతూ పెరట్లోకి వెళ్లిందంటే నా అప్‌లోడ్ కూడా ఆవిడ వెంటే పెరట్లోకి పోయేది. అందుకే ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మోడెమ్ మీద, అంటే సిమ్‌తో నెట్ తెచ్చే పరికరం మీద, అంత ఆశ.

లోపలున్నది సియెరా వైర్‌లెస్ ఈఎం7455. 42 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న బిళ్ల. 4జీలో డౌన్‌లోడ్ వేగం 300 ఎంబీపీఎస్ దాకా అని కాగితం మీద ఉంటుంది, దాన్ని కాగితం మీదే ఉండనిద్దాం.

డెబియన్ 12 అనే లినక్స్ వేశాను. డ్రైవర్ వెతుక్కునే అవసరమే రాలేదు, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ మోడెమ్‌ను వెంటనే గుర్తుపట్టింది. కానీ 'సిమ్ లేదు' అంది. గూడేమో మైక్రో సిమ్‌ది, నా దగ్గరున్నది నానో. ప్లాస్టిక్ చట్రంలో పెట్టి తోస్తుంటే సిమ్ జారి పక్కకు ఒరుగుతోంది. వెనక సన్నని టేపు ముక్క అంటించి తోస్తే సరిగ్గా కూర్చుంది.

సిమ్ దొరికినా మోడెమ్ లేవలేదు. టెర్మినల్‌లో అడిగితే 'పవర్ స్టేట్: లో (low)' అన్న జవాబే పదే పదే. ఇరవై ఏళ్ల కిందట నా మొదటి ల్యాప్‌టాప్‌లో డయలప్ మోడెమ్ ఉండేది. నిజానికి అది సగం మోడెమే. ఫోను తీగ తగిలించే చిప్పు మాత్రం ఉండి, మిగతా పనంతా విండోస్‌లోని సాఫ్ట్‌వేర్ చేసేది. విన్‌మోడెమ్ అని దాన్ని తిట్టుకుంటూ ఎన్ని రాత్రులు పాడుచేసుకున్నానో! ఇదీ ఆ సంతతేనేమోనని గుండె గుభేలుమంది.

ఇది ఆ సంతతి కాదు. మోడెమ్ పూర్తిగా బాగుంది, అనుమతి కోసం ఎదురుచూస్తోంది, అంతే. అమెరికాలో రేడియో, ఫోను తరంగాల మీద పెత్తనం చేసే ఎఫ్‌సీసీ సంస్థ నిబంధనల కోసం ల్యాప్‌టాప్ తయారీదారులు ఇలాంటి మోడెమ్‌కు తాళం వేసి పంపుతారు. విండోస్‌లో వాళ్ల సాఫ్ట్‌వేరే చడీచప్పుడు లేకుండా ఆ తాళం తీస్తుంది. లినక్స్‌లో మోడెములను నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాము ఒకప్పుడు తనంతట తానే తీసేది, 1.18.4 వెర్షన్ నుంచి ఆ పని మన చేతికి వదిలేసింది. తాళంచెవులను మాత్రం తనతోనే తెస్తుంది. మోడెముల సంఖ్యలే పేర్లుగా పెట్టుకున్న చిన్న స్క్రిప్టులవి. నా మోడెమ్ యూఎస్‌బీ సంఖ్య 1199:9079. ఆ పేరున్న స్క్రిప్టుకు సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ కింద ఎఫ్‌సీసీ-అన్‌లాక్ ఫోల్డర్‌లో ఒక లింకు పెట్టడమే మందు. మొదటిసారి అదీ పారలేదు. కనీస ప్యాకేజీలతో సరిపెట్టుకునే పిసినారి అలవాటు నాది, మోడెమ్‌తో మాట్లాడటానికి స్క్రిప్టుకు కావలసిన లిబ్‌క్యూఎంఐ అనే చిన్న ప్రోగ్రాములు నా దగ్గర లేవు. అవి వేసుకుని మోడెమ్‌మేనేజర్‌ను మళ్లీ మొదలుపెట్టాక, సెట్టింగుల్లో ఏపీఎన్, అంటే నెట్‌కు దారి చూపే పేరు, 'జియోనెట్' అని రాస్తే నెట్ వచ్చేసింది. అన్నీ కలిపి రెండు సాయంత్రాలు పట్టింది.

కొనే ముందు తెలియాల్సిన అసలు లోపం వేరే ఉంది. 7455లో 2300 మెగాహెర్ట్జ్ తరంగాల పట్టీ, అంటే బ్యాండ్ 40, లేదు. మన దేశంలో జియో, ఎయిర్‌టెల్ 4జీకి ఆ బ్యాండునూ వాడతాయి. బ్యాండ్ 3, బ్యాండ్ 5 మాత్రం ఇందులో ఉన్నాయి. అమ్మ ఇంటి పెంకుల కింద కూడా 12 ఎంబీపీఎస్ వస్తోంది, 60 ఎంబీ పీడీఎఫ్ మూడు నిమిషాల్లోపే వెళ్లింది. హైదరాబాద్‌లో మా ఇంట్లో మాత్రం పక్కనే ఉన్న ఫోనులో 40 వస్తుంటే దీనికి 15 దాటదు. ఆసియా బ్యాండ్లతో, బ్యాండ్ 40తో సహా, ఈఎం7430 అని వేరే మోడల్ ఉంది, దొరికితే అదే తీసుకోండి.

ఇంకో చికాకు. మూత మూసి తెరిస్తే అయిదింట ఒకసారి మోడెమ్ మాయమవుతుంది. మోడెమ్‌మేనేజర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే తిరిగొస్తుంది. ఆ ఆదేశాన్ని ఒక కీకి కట్టేసుకున్నాను.

మొన్న 7430 కోసం అదే కొట్టుకు వెళ్లి, నా ల్యాప్‌టాప్ తెరిచి సిగ్నల్ గీతలు చూపించాను. కుర్రవాడు కాసేపు చూసి, బల్ల కింద నుంచి ఊడదీసిన మోడెముల డబ్బా తీశాడు. అన్నీ 7455లే.