యాప్‌ను తెలుగులోకి మార్చి ఇస్తామనేవాళ్ళకు డబ్బు కట్టేముందు ఇది చదవండి (నాకు 21,948 రూపాయలు పోయాయి)

పేరు రాయను, రాస్తే లాయరు నోటీసు పంపే రకం. మన గ్రూపుల్లో వారానికోసారి "మీ యాప్ మీ కస్టమర్ భాషలో" అంటూ దిగిపోతారే, వాళ్ళే. ఇంకా కోపం తగ్గలేదు, రాతలో వరస తప్పితే సర్దుకోండి.

మాది చిన్న యాప్. ఎరువులు, పురుగుమందుల కొట్లకు బిల్లింగు, బాకీల పద్దు. గుంటూరు, పల్నాడు వైపు కొట్లే ఎక్కువ. యజమానికి ఇంగ్లీషుతో పని నడిచిపోతుంది గానీ కౌంటర్లో కూర్చునే గుమాస్తాకి తెలుగు కావాలి, బాకీ మెసేజీ అందుకునే రైతుకి ఇంకా కావాలి. 1,140 లైన్లు, 6,200 పదాలు, పదానికి 3 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. తెలుగువాళ్ళే రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు అన్నారు. శాంపిల్‌గా పంపిన 40 లైన్లు నిజంగా బాగున్నాయి. 'డ్యూ'ని చక్కగా 'బాకీ' అని రాసిన ఆ మనిషెవరో గానీ కొట్టు ముఖం చూసినవాళ్ళే. అవి చూసి మొత్తం డబ్బు ముందే కట్టేశాను. అవును, మొత్తం. నన్ను నేను తిట్టుకోవడం అయిపోయింది, ఇక మీ వంతు.

ఫైల్ వచ్చింది. పైన అవే 40 లైన్లు. నేను చదివిందీ అవే. సీజన్ ముంచుకొస్తోందన్న టెన్షన్‌లో ఇంకో వారం వేరే పనుల్లో పడి, శుక్రవారం రాత్రి అప్‌డేట్ వదిలేశాను, అదీ ముందు కొద్దిమందికి కాదు, అందరికీ ఒకేసారి.

శనివారం పొద్దున ఆరున్నరకి నరసరావుపేట నుంచి ఫోన్. పెద్దాయన, మా మొదటి కస్టమర్. "బాబూ, కొత్త విందు జోడించండి అంటోంది, పెళ్ళి ఎవరిది?" తెరిచి చూస్తే అది 'యాడ్ పార్టీ'. కొట్లో పార్టీ అంటే ఖాతా ఉన్న మనిషి. ఇక్కడ విందు అయిపోయింది. దాని కిందే "ఘనత పరిమితి: 50,000". ఒక మనిషికి ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చో చెప్పే క్రెడిట్ లిమిట్ అండీ అది! 45 కిలోల యూరియా బస్తా "చేతిసంచి". సేవ్ బటన్ మీద "రక్షించు". శాంపిల్‌లో బాకీగా ఉన్న అదే డ్యూ, కిందికి వెళ్ళేసరికి "కారణంగా". ఒక కొట్టు నుంచి 60 మంది రైతులకు "కారణంగా: 4,500" అని మెసేజీ వెళ్ళిపోయింది.

నవ్వొచ్చేవి ఇవి. నవ్వు రానిది ఏమిటంటే, యాప్ తనంతట తాను కస్టమర్ పేరు నింపాల్సిన చోట, గుర్తుగా శాతం గుర్తూ దాన్ని అంటుకుని ఎస్ అక్షరమూ ఉంటాయి, ఆ రెంటి మధ్య ఒక స్పేస్ దూరింది, నాలుగు చోట్ల. అందులో ఒకటి బిల్లు స్క్రీన్. తెలుగు పెట్టుకున్న ప్రతి ఫోన్లో బిల్లు నొక్కగానే యాప్ మూసుకుపోయింది, శనివారం, కొట్టు కిటకిటలాడే వేళ. ప్రింటు బిల్లు మాటలు వేరే ఫైల్‌లో పంపారు, అది అనూ ఫాంట్‌లో కొట్టిన వర్డ్ ఫైల్. ఫోన్లు చదవగలిగే యూనికోడ్ తెలుగు కాదు కాబట్టి యాప్‌లో పెడితే అన్నీ పిచ్చి గుర్తులే.

మధ్యాహ్నానికి వాళ్ళ కోఆర్డినేటర్ దొరికాడు. "సార్, డిక్షనరీ చూసుకోండి, పార్టీ అంటే విందే." సరే, మరి శాంపిల్‌లో బాకీ అని రాసినవాళ్ళు ఏరి? "ఆ మేడం శాంపిల్స్ వరకే చేస్తారు సార్." కొంచెమైనా తడబడలేదు. ఇంకొకరు సరిచూస్తారన్నారు? "అది ప్రీమియం ప్లాన్ సార్." డబ్బు వెనక్కి అడిగితే, మార్పులకు గడువు 7 రోజులట, నేను 9వ రోజు అడుగుతున్నానట. ఇంతవరకూ ఓర్చుకున్నాను. అప్పుడన్నాడు, "అయినా సార్, ఆ పల్లెటూరి కొట్లవాళ్ళు ఇవన్నీ చదువుతారా ఏంటి, బొమ్మ చూసి నొక్కుతారు, అంతే."

పొద్దున్నే లేచి ఒక్కో మాటా చదివి నాకు ఫోన్ చేసిన పెద్దాయన ఎవరనుకున్నాడో! అప్పుడు మాత్రం నా నోట ఒక్క ముక్క రాలేదు, రాత్రి పదకొండింటికి జవాబులు బోలెడు తోస్తున్నాయి. అసలు మంట ఇంకోటి. ఆ ఫైల్ చదవనిది కొట్లవాళ్ళు కాదు, నేను. తెనాలిలో పుట్టి పెరిగి, నా యాప్‌లో నా తెలుగు నేను చదువుకోలేదు.

అన్నీ వాళ్ళ మీదే తోయను. 'పెయిడ్', మొత్తం, 'టు', పేరు అని వాక్యాన్ని కోడ్‌లో ముక్కలుగా అతికించింది నేనే. అది "చెల్లించారు 500 కు వెంకటేశ్వర్లు" అయి కూర్చుంది. ఎంత మంచి అనువాదకుడైనా ఆ ముక్కలతో ఏం చేయగలడు, పైగా రాముకు అంటాం, లక్ష్మికి అంటాం.

మెసేజీలకు జవాబు లేదు, నా నంబరు బ్లాక్ చేసినట్టున్నారు. మీరైనా శాంపిల్ లైన్లు వాళ్ళని ఎంచుకోనివ్వకండి, ఫైల్ మధ్యలోంచి మీరే తీసి ఇవ్వండి. స్క్రీన్‌షాట్లు కూడా పంపండి. సగం డబ్బు చేతిలో ఉంచుకోండి.

ప్రస్తుతానికి పాత వెర్షన్ వెనక్కి పెట్టి, తెలుగు నేనే రాస్తున్నాను, 312వ లైన్ దగ్గర ఉన్నాను. బిల్లు చివర పైసలు సర్దే 'రౌండ్ ఆఫ్'ని మీ వైపు కొట్లలో ఏమంటారో చెప్పండి. వాళ్ళిచ్చింది "గుండ్రంగా ఆఫ్".