చుక్కల కోసం ఊరు దాటితే: కొండవీడు, సూర్యలంక, మాచర్ల కల్లాలు

విజయవాడ, గుంటూరు నుంచి చుక్కలు చూడటానికి బయటికి వెళ్ళేవాళ్ళు గది ఏసీదా, బీచ్ ఎంత దూరం, టిఫిన్ ఉంటుందా అని అడుగుతుంటారు. అవన్నీ కావాల్సినవే. నేను ఫోన్ చేసినప్పుడు ముందు అడిగేవి మాత్రం వేరు. రాత్రి పది దాటాక ఆవరణలో నిలబడనిస్తారా? తెల్లవారుజామున మూడింటికి గేటు తీస్తారా? మా వైపున్న ఫోకస్ లైటు కాసేపు ఆర్పుతారా? వీటికి సూటిగా జవాబు చెప్పే చోట పరుపు కాస్త గట్టిగా ఉన్నా నాకు ఇబ్బంది లేదు. మనం డబ్బులిచ్చేది చీకటి కోసం.

ఈ 2026 ఫిబ్రవరిలో, శివరాత్రి మర్నాడు నేనూ, మా బావమరిదీ, డిగ్రీ చదివే మా అమ్మాయీ కారులో బయలుదేరాం. డిక్కీలో ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్, ఒక 10×50 బైనాక్యులర్. శివరాత్రి అంటే అమావాస్య ముందు వచ్చే చతుర్దశి కాబట్టి ఆ రాత్రే వెళ్ళొచ్చు కదా అనిపిస్తుంది. వెళ్ళొచ్చు, కానీ నరసరావుపేట వైపు వద్దు. ఆ రాత్రి కోటప్పకొండ తిరనాళ్ళ. విద్యుత్ ప్రభల వెలుగు చాలా దూరం కనపడుతుంది, రోడ్ల నిండా జనం. ఆ ప్రభల్ని వాటి కోసమే వెళ్ళి చూడాలి. అంత అందమైన వెలుగును చుక్కలకు అడ్డమని విసుక్కోవడం నాకు ఇష్టం లేదు.

ఏ ఊరి ఆకాశం ఎలా ఉందో చెప్పడానికి కృత్తికల్ని కొలతగా పెట్టుకున్నాను, పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ గుంపు. విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద నుంచి అది ఒక మసక మచ్చ. అలాగని నగరాన్ని తీసిపారేయను. చంద్రుడికీ, గురుడికీ, శనికీ చీకటి అక్కర్లేదు, గాలి నిలకడగా ఉంటే చాలు. ఈ చలికాలం గురుడు మిథునంలో ఉన్నాడు. డాబా మీద నుంచే ఆయన చుట్టూ నాలుగు చందమామలూ, ఒంటి మీద రెండు ముదురు పట్టీలూ కనపడ్డాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏ రిసార్టుకీ అడ్వాన్స్ కట్టకుండా ముందు సొంత డాబా మీద ఒక నెల గడపండి. భవానీ ద్వీపం కృష్ణ మధ్యలో ఉంది కదా, చీకటిగా ఉంటుందేమో అని కొందరు అడుగుతారు. పడవలు సాయంత్రంతో ఆగిపోతాయి, చుట్టూ నగరం వెలుగే. అది పగటి షికారుకు మంచిది.

గుంటూరు నుంచి చిలకలూరిపేట రోడ్డులో గంటలోపే చేరిపోయే కొండవీడు మీద నాకు చాలా ఆశ ఉండేది. రెడ్డిరాజుల రాజధాని, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం. ఘాట్ రోడ్డు బాగుంది, కారు నేరుగా పైదాకా వెళ్తుంది. పైన గాలి తేటగా ఉంది. కానీ పొద్దుగూకే వేళకు అందరినీ దింపేస్తారు. అక్కడున్న కాపలాదారు మర్యాదగానే చెప్పాడు: "సార్, మీరు చుక్కలు చూస్తారని నాకు తెలుసు. కింద ఊళ్ళో వాళ్ళకి తెలీదుగా. రాత్రిపూట కొండ మీద సామాను దించితే గుప్తనిధుల వాళ్ళనుకుంటారు." ఆయన మాటలో న్యాయం ఉంది. నిధుల పేరుతో పాత గుళ్ళనీ కోటల్నీ తవ్వి పాడుచేసిన వార్తలు మన దగ్గర తరచూ వింటూనే ఉన్నాం. సాయంత్రం పడమటి వైపు గ్రహాలేమైనా ఉంటే చూసుకుని దిగిపోవడానికి కొండవీడు చాలు, రాత్రికి కుదరదు.

ఇది వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా బావమరిది ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ కొన్నాడు. దాన్ని అమరావతి వైపు తీసుకెళ్దామని అతని కోరిక. వద్దన్నాను, గట్టిగానే. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చట్టం మాట పక్కన పెట్టినా, అమరావతి మట్టిలో ఒక నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందో అన్నదే దాని చరిత్ర. పైకి లాగేస్తే మిగిలేది లోహం ముక్క. ఆ పరికరం మీద సరదా ఉన్నవాళ్ళు సొంత పొలంలో పోయిన నాగలి బోల్టులు వెతుక్కోవచ్చు. అతను ఒప్పుకున్నాడు, డిటెక్టర్ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక సూర్యలంక. గుంటూరు నుంచి బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి తీరానికి 9. కారు లేనివాళ్ళకు బాపట్ల దాకా రైళ్ళున్నాయి, విజయవాడ–చెన్నై దారిలోనే స్టేషన్. అక్కడి నుంచి ఆటో. రాత్రి తిరిగి రావడానికి మాత్రం ఆటో దొరుకుతుందని నమ్ముకోవద్దు, బస అక్కడే చూసుకోండి. శని, ఆదివారాలు అస్సలు వద్దు. మేం వెళ్ళింది వారం మధ్యలో కాబట్టి గదులు సులువుగా దొరికాయి, అద్దె కూడా తగ్గించారు.

మొదటి రాత్రి దిగిన చోటు పేరు చెప్పను. ఫోన్‌లో లైటు ఆర్పుతామన్నారు, వచ్చాక "మేనేజరు గారిని అడగాలి సార్" అన్నారు, మేనేజరు రాత్రంతా దొరకలేదు. తీరం వైపు రెండు ఫోకస్ లైట్లు, పాటలు పన్నెండు దాకా. చేపల కూర చాలా బాగుంది, అది ఒప్పుకోవాలి. మర్నాడు కాస్త ఎడంగా ఉన్న చిన్న బసకు మారాం. గదిలో గోడలు చెమ్మగా ఉన్నాయి, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. కానీ వాచ్‌మన్ మా అమ్మాయితో "ఏ లైటు ఆపమంటావో చెప్పమ్మా" అని తనే స్విచ్చుల దగ్గరికి వెళ్ళాడు. మూడింటికి గేటు తీసి, తనూ కుర్చీ వేసుకుని మాతో కూర్చున్నాడు. నా లెక్కలో ఆ బసకే ఎక్కువ మార్కులు.

సూర్యలంక గొప్పతనం దక్షిణం వైపు. బాపట్ల, చీరాల వెలుగులు వెనక, పక్కన ఉండిపోతాయి, ముందు సముద్రమే. రాత్రి పావు తక్కువ తొమ్మిదికి అగస్త్య నక్షత్రం దక్షిణాన 21 డిగ్రీల ఎత్తులో నిలబడింది. రాత్రి ఆకాశపు నక్షత్రాల్లో లుబ్ధకుడి (సిరియస్) తర్వాత అంత ప్రకాశం దానిదే. ఉత్తరాన ధ్రువుడు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, మన అక్షాంశం ఎంతో అంతే. అందుకే మనకు దక్షిణాకాశం ఇంత లోపలిదాకా కనపడుతుంది. కృత్తికలు ఇక్కడ ఆరు తేటగా లెక్కకు వచ్చాయి.

అసలు చూడాల్సింది మూడు దాటాక. సముద్రం మీద దక్షిణ శిలువ (సదరన్ క్రాస్) అనే చుక్కల గుంపు నిటారుగా ఉంది. దాని అడుగు చుక్క నీటికి 11 డిగ్రీల పైన మాత్రమే, మంచు తెరలో కాస్త ఎర్రబడి. దానికి ఎడమగా, ఇంకాస్త పైన ఒమేగా సెంటారీ. బైనాక్యులర్‌లో నూలు ఉండలా ఉన్నది టెలిస్కోప్‌లో వేల చుక్కలుగా విడిపోయింది. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గుంపు, దాంట్లో దాదాపు కోటి నక్షత్రాలు. లడఖ్ వెళ్ళి హాన్లేలో ఎంత చీకటి చూసినా ఇది అక్కడ దక్షిణాన 10 డిగ్రీల ఎత్తు కూడా దాటదు, మనకు ఇంటి పక్కనే ఉంది. తెల్లవారేలోగా ఆగ్నేయాన వృశ్చికం మొత్తం లేచింది, దాని వెనకే పాలపుంత.

ఒక జాలరి వల సర్దుకుంటూ ఆగి, "ఏం చూస్తన్నారయ్యా?" అన్నాడు. టెలిస్కోప్ కంటికటకం (ఐపీస్) దగ్గర కన్ను పెట్టి చాలాసేపు లేవలేదు. పిల్లలకోడి ఎప్పుడో కుంగిపోయిందనీ, తెల్లారడానికి ఎంతసేపుందో చుక్కల్ని బట్టి తన తండ్రి చెప్పేవాడనీ అన్నాడు. మా అమ్మాయి ఆయన్ని అడుగుతూనే ఉంది, నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా.

సూర్యలంక కష్టాలూ చెప్పాలి. రెండు గంటల్లో అద్దాల మీద తేమ పట్టేస్తుంది. గొట్టం ముందు అట్టతో పొడుగు తొడుగు చుట్టండి, హెయిర్ డ్రైయర్ ఉంటే తెచ్చుకోండి. ఉప్పుగాలి తగిలిన అద్దాన్ని గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. అక్కడ వాయుసేన స్థావరం ఉంది. డ్రోన్ ఎగరేయడం, లేజర్ పాయింటర్ ఆకాశంలోకి వేయడం, అటువైపు గొట్టం తిప్పడం చేయకండి. తీరంలో పోలీసులకు ముందుగా కనపడి చెబితే ఏ టెన్షనూ ఉండదు, మాకు లేదు.

అక్కడి నుంచి పల్నాడు. సాగర్ దాకా వెళ్ళి విజయపురి సౌత్‌లో దిగుదామనుకున్నాం. డ్యామ్ దీపాలూ, అడవిలో రాత్రిపూట తిరగడానికి ఉండే ఆంక్షలూ ఆలోచించి, మాచర్లలో ఒక మామూలు లాడ్జిలో సామాను పడేసి, మా బావమరిదికి తెలిసిన రైతు పొలానికి వెళ్ళాం. లాడ్జి గురించి చెప్పేదేమీ లేదు, శుభ్రంగా ఉంది, స్నానానికి సరిపోయింది.

ఫిబ్రవరిలో అక్కడ మిరపకాయ కల్లాల మీద ఉంటుంది. ఆరబోసిన కాయకు రాత్రంతా కాపలా ఉండాలి కాబట్టి రైతులు కల్లంలోనే మంచాలేసుకుని పడుకుంటారు. లైటు ఉండదు, మనుషులు ఉంటారు. రాత్రి ఆకాశం చూసేవాళ్ళకు ఇంతకంటే భద్రమైన చీకటి నేనెక్కడా చూడలేదు. ఆ రైతు మా కోసం ఇంకో రెండు నులక మంచాలు వేయించాడు, జొన్నరొట్టె, పండుమిరపకాయ పచ్చడి పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు, ఎంత చెప్పినా.

పొద్దు కుంకిన గంటకు పడమట, చీకటి పడిన చోట, నేల నుంచి ఏటవాలుగా పైకి లేచిన మసక వెలుగు కనపడింది. ఊరి వెలుగనుకుంటారు, కానీ అటు ఊరు లేదు. అది రాశిచక్ర కాంతి. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న ధూళి మీద పడిన సూర్యకాంతి. మన అక్షాంశంలో ఫిబ్రవరి, మార్చి సాయంత్రాలు దానికి అనువైనవి. పుస్తకంలో చదివి ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్నది అది. కృత్తికలు ఆరు కాదు, కాస్త పక్కకి చూస్తే ఎనిమిది. గాలి పొడిగా ఉంది, తెల్లవార్లూ అద్దం మీద చుక్క తేమ లేదు.

"ఆ గొట్టంలో ఏం కనపడుద్ది సారూ?" అని పక్క కల్లాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మృగశిర ఉన్న ఓరియన్ నక్షత్ర మండలంలో మబ్బులాంటి నీహారిక చూపించి, అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని మా అమ్మాయి చెప్పింది. ఒక పెద్దావిడ చూసి, "అమ్మో, పైన కూడా పురుళ్ళేనా" అంది. అందరూ నవ్వారు, ఆవిడ మళ్ళీ వరసలో నిలబడింది.

అక్కడికి వెళ్ళేవాళ్ళకు ఒకటే హెచ్చరిక. కాయ ముట్టుకున్న చేత్తో కంటికటకాన్ని ముట్టుకోవద్దు, కన్ను నులుముకోవద్దు. బకెట్ నీళ్ళూ సబ్బూ మంచం పక్కనే పెట్టుకుని, చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ చేతులు కడుక్కోమన్నాం. ఘాటుకు దగ్గు వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు కాయ మీద నుంచి గాలి రాని వైపు కూర్చోవాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. కన్ను చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్క తెల్ల లైటుతో అదంతా పోతుంది.

డబ్బూ సమయం ఉన్నవాళ్ళు రెండూ చూడాలి. ఒక్కటే కుదిరితే, దక్షిణ చుక్కల కోసమైతే సూర్యలంక, పాలపుంత, నీహారికల కోసమైతే మాచర్ల వైపు. మార్చి దాటితే మసక, ఆ తర్వాత ఎండలు, వానలు. మళ్ళీ నవంబరు చివరి దాకా ఆగాల్సిందే. డిసెంబరు 13, 14 రాత్రి జెమినిడ్ ఉల్కలున్నాయి. ఈ ఏడాది అమావాస్య 9న కాబట్టి నెలవంక పది ప్రాంతానికి కుంగిపోతుంది. ఆ రైతుతో అప్పుడే మాట్లాడుకున్నాం. అప్పటికి కల్లం వేసి ఉండదు, చేలో కాయ ఎదిగే కాలం. మంచాలు గట్టు మీద వేయిస్తానన్నాడు. దుప్పట్లు, ఆ రాత్రికి బియ్యం, కూరగాయలు మేమే తీసుకెళ్తామని ఈసారి ముందే ఒప్పించుకున్నాం.