కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రపు నీటిలో దాచాలా, అడుగు నేల కింద దాచాలా: ఏది మేలు?

సముద్రంలో దాచడం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. ద్రవంగా మార్చిన కార్బన్ డయాక్సైడ్‌ను గొట్టంతో లోతు నీళ్లలోకి వదలడం ఒకటి. సముద్రం అడుగున బావి తవ్వి, ఇసుకరాతి పొరలోకి ఎక్కించడం రెండోది. చోటు, ఖర్చు తర్వాతి సంగతి. పంపిన గ్యాస్ పంపినచోటే ఉందని ఏళ్ల తర్వాత కూడా కొలిచి చూపించగలగాలి. నా తూకం దాని మీదే.

నీళ్లలో వదలాలన్న వాదన తేలికైనదేమీ కాదు. జిబ్రాల్టర్ దగ్గర మధ్యధరా సముద్రం నుంచి అట్లాంటిక్ లోతుల్లోకి జారే బరువైన నీటిలో కలిపితే అదే మోసుకుపోతుందని ఇటలీ శాస్త్రవేత్త చేజరే మార్కెట్టి 1977లోనే చెప్పారు. సుమారు 3,000 మీటర్లు దాటితే ద్రవ కార్బన్ డయాక్సైడ్ సముద్రపు నీటికన్నా బరువెక్కి అడుక్కి దిగుతుంది, పైన హైడ్రేట్ (నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసి మంచులా గట్టిపడినది) మీగడలా కడుతుంది. ఆ మీగడ మూతలా ఆపదు. కార్బన్ డయాక్సైడ్ కరుగుతూనే ఉంటుంది, చుట్టూ నీరు ఆమ్లమవుతుంది, కదలలేని అడుగు జీవులు చస్తాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2005 నివేదిక ప్రకారం, వదిలిన లోతును బట్టి 500 ఏళ్లకు 30 నుంచి 85 శాతం మిగులుతుంది. అది నమూనాల అంచనా. నీటిలో కలిశాక మనం వదిలినదాన్ని, ముందునుంచీ ఉన్నదాన్ని విడదీసి కొలవలేం. కట్టేయడానికి వాల్వూ ఉండదు. ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఆస్పార్ ఒప్పందం 2007లో ఈ పద్ధతిని నిషేధించి, అడుగు పొరల్లో నిల్వకు దారి ఇచ్చింది.

ఆ రెండో పద్ధతికి నార్వే స్లైప్నర్ సముద్ర గ్యాస్ క్షేత్రం 1996 నుంచి సాక్ష్యం. అక్కడి సహజవాయువులో దాదాపు 9 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అమ్మాలంటే 2.5 శాతానికి తగ్గాలి. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే అమైన్ రసాయన ద్రావణంతో వేరుచేసి, ఏటా 10 లక్షల టన్నుల వరకు ఉట్సిరా ఇసుకరాతిలోకి పంపుతూ వచ్చారు. 800 మీటర్ల కన్నా లోతు ఎందుకంటే, అక్కడి ఒత్తిడికి వాయువు దట్టమై తక్కువ చోటులో ఇముడుతుంది. పైనున్న షేల్ (గ్యాస్ దూరని బంకమట్టి రాయి) మూతగా పనిచేస్తుంది. ధ్వని తరంగాలు పంపి మళ్లీ మళ్లీ చేసిన సీస్మిక్ సర్వేల్లో అది ఎటు పాకిందో పొర పొరా కనిపిస్తుంది.

ఇక్కడా చిక్కులున్నాయి. 2008లో మొదలైన మరో నార్వే క్షేత్రం స్నోవిట్‌లో పొర అనుకున్నంత గ్యాస్ తీసుకోక ఒత్తిడి పెరిగింది, 2011లో మరో పొరకు మార్చారు. అలా మార్చగలిగారంటే ఒత్తిడిని నిత్యం కొలుస్తున్నందువల్లే. అసలు భయం పాత బావులది. సిమెంటు, ఉక్కు గొట్టం మధ్య సందు పడితే గ్యాస్ పైకి వస్తుంది. అయితే ఆ చోటు దొరుకుతుంది, మళ్లీ సిమెంటు కొట్టి మూయొచ్చు.

ఈ రెండూ కాక, సముద్రంలో ఇనుము చల్లి నాచు పెంచి, అది పీల్చిన కార్బన్‌ను అడుక్కి పంపే పద్ధతీ ఉంది. 2009లో భారత్, జర్మనీ కలిసి చేసిన లోహాఫెక్స్ ప్రయోగంలో, సిలికా తక్కువున్న నీటిలో డయాటమ్‌లు (సిలికా పెంకు కట్టుకునే నాచు) పెరగలేదు, పెరిగిన వేరే నాచును కోపిపాడ్‌లనే చిన్న జీవులు మేసేశాయి. అడుక్కి చేరింది స్వల్పం. నీరు మరింత కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేలా సున్నం వంటి క్షారాలు కలపడం ఇంకా ఆశాజనకమే కానీ మోతాదు మించితే కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుని, ఫలితం తగ్గుతుంది.

మన కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ తీసేసిన పొరలను ఇందుకు వాడాలంటే, ముందు ప్రతి పాత బావి సిమెంటు రికార్డూ తీయాలి. ఖాళీ అయిన చోట నీరు ఎంత చేరిందో ఆ తర్వాత లెక్కగట్టాలి. నీరు నిండిన మేర నిల్వకు చోటు తగ్గుతుంది.