నౌసికా: సినిమానా, మాంగానా?

జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావొ మియాజాకి 1982లో మొదలుపెట్టిన నౌసికా మాంగా (జపనీస్ కామిక్స్) 1994 దాకా సాగింది. ఆయనే తీసిన యానిమేషన్ సినిమా మాత్రం 1984లోనే వచ్చేసింది. అందుకే దానికి వేరే ముగింపు: కథానాయిక నౌసికా ప్రాణమిచ్చి, ఓములనే భారీ పురుగుల స్పర్శతో తిరిగి లేస్తుంది. జో హిసైషి సంగీతంతో ఆ ఘట్టం ఒళ్లు పులకరింపజేస్తుంది.

అయినా నా ఓటు మాంగాకే. కారణం కుషానా. తెరమీద ఆమె పురుగుల వల్ల చేయి పోగొట్టుకుని, విషవనాన్ని కాల్చేయాలని పట్టుబట్టిన సేనాని, అంతవరకే. మాంగాలో కన్నతండ్రీ సోదరులే ఆమె చావు కోరతారు. చిన్నప్పుడు ఆమెకోసం కలిపిన విషాన్ని తల్లి తాగి మతి పోగొట్టుకుంటుంది. ఆ పగతో రగిలిన మనిషి కొద్దికొద్దిగా మారడం పేజీ పేజీకీ కనిపిస్తుంది. నౌసికా కూడా అక్కడ దేవత కాదు. చివర్లో తాను చేసిన భయంకరమైన పనిని లోకానికి చెప్పకుండా దాస్తుంది. రెండు గంటల సినిమాలో ఇంత బరువు పట్టదు. ముందు సినిమా చూసి, ఆ తర్వాత ఏడు సంపుటాలూ చదవండి.