మా నగరపాలక ఉద్యోగుల సంఘం నెలవారీ సమాచార పత్రిక: ఒక సభ్యురాలి సమీక్ష

పారిశుద్ధ్య విభాగంలో పొరుగుసేవల కార్మికురాలిగా పనిచేస్తున్న నేను, మా సంఘం సభ్యులకు పంచే నాలుగు పేజీల పత్రికను ఏడాదిగా ఒక్క సంచికా వదలకుండా చదువుతున్నాను. అందులో అన్నిటికంటే విలువైనది జీతం కోతల గురించి వివరించే పేజీ. భవిష్య నిధికి మన వాటా 12 శాతం ఎలా లెక్కకడతారో, నెల జీతం 21,000 రూపాయలు దాటనివారికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద మన నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఎలా జమ కావాలో, నమూనా జీతం చీటీ అచ్చువేసి గడిగడికీ బాణం గుర్తులు పెట్టి చూపించారు. ఆ పేజీని పక్కన పెట్టుకుని తన చీటీ సరిచూసుకున్న మా జట్టులోని అక్క, గుత్తేదారు రెండు నెలల వాటా జమ చేయలేదని తెలుసుకుని, సంఘం సాయంతో ఫిర్యాదు రాయించుకుంది. ఇంతకన్నా ఒక పత్రిక ఏం చేయాలి?

బదిలీలు, పదవీ విరమణల వార్తలు క్లుప్తంగా, చక్కగా ఉంటాయి.

సమావేశాల ప్రకటనల విషయంలో మాత్రం నాకు బాధగా ఉంది. గత సర్వసభ్య సమావేశం కబురు మస్తరు (హాజరు) వేసే చోట గోడకు ముందురోజు సాయంత్రమే అతికించారు. తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నానికే వెళ్లిపోయే మాలాంటివారు దాన్ని చూసేసరికి సమావేశం రోజు వచ్చేసింది. కనీసం వారం ముందు తెలపాలని, చదవలేని సభ్యుల కోసం అదే ప్రకటనను ఫోన్‌లో మాటగా కూడా పంపాలని నా విన్నపం.